మనసుకూ బెట్ట తగులుతుంది

(పెన్షనర్ల దినోత్సవ సందర్భంగా మన సంఘ సమావేశంలో ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి చేసిన ప్రసంగ పాఠం)



ఈ అంశం మీద మాట్లాడవలసింది నిజానికి నేను కాదు. ఒక డాక్టరుగారిని పిలవాలని కార్యవర్గం వారు అనుకున్నారు. ఆయనకు వీలుపడలేదు. అప్పుడు కార్యదర్శిగారు నా దగ్గరకు వచ్చి, "మీరు ముప్ఫై ఆరేళ్ళు బ్యాంకులో పనిచేశారు, ఒత్తిడి గురించి మీకు తెలియనిదేమున్నది, మీరే నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. రోగం గురించి వైద్యుడు చెప్పడం వేరు, రోగి చెప్పడం వేరు. నేను రోగి పక్షాన మాట్లాడతాను. తప్పులుంటే మన్నించండి.

ముందుగా ఈ రోజు సంగతి ఒక్క మాట. 17-12-1982న నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పెన్షన్ అనేది ప్రభుత్వం దయతలచి ఇచ్చే దానం కాదు, ఉద్యోగి చేసిన సేవకు దక్కే హక్కు అని ఆ తీర్పు తేల్చింది. అందుకే ఏటా డిసెంబరు 17న మనం ఇలా కలుస్తున్నాం. ఒత్తిడి గురించి మాట్లాడే సభకు ఇంతకన్నా తగిన రోజు లేదని నా ఉద్దేశం. ఎందుకంటే, రేపు ఏమవుతుందోనన్న భయమే ఒత్తిడికి తల్లివేరు. నెలకింత వస్తుందన్న ధీమా ఆ భయంలో సగాన్ని తగ్గిస్తుంది. ఆ ధీమా లేనివారు మన చుట్టూ ఎందరో ఉన్నారు. వారి మాట కూడా చివరలో చెబుతాను.

ఇక విషయానికి వస్తాను. "టెన్షన్" అనే మాట ఇప్పుడు రెండో క్లాసు పిల్లవాడి నోట కూడా వినిపిస్తోంది. "ఒత్తిడి" అని పత్రికలు రాస్తున్నాయి. కానీ మన నల్లరేగడి చేలలో దీనికి ఇంతకన్నా పాత మాట ఒకటి ఉన్నది. అదే "బెట్ట". వాన వెనకబడి నేల నెర్రెలు విచ్చితే, పైరుకు బెట్ట తగిలిందంటాడు రైతు. మొక్క ఇంకా చావలేదు. ఆకు మధ్యాహ్నానికి వడిలి, రాత్రికి తేరుకుంటుంది. కొద్దిపాటి బెట్ట మంచిదే, వేరు లోతుకు దిగుతుంది. అదే బెట్ట నెల రోజులు సాగితే మిరప పూత రాలిపోతుంది, పత్తికి గూడ నిలవదు. ఆ తర్వాత ఎంత వాన పడినా రాలిన పూత తిరిగి రాదు.

మనిషి సంగతీ ఇంతే. పరీక్ష ముందు కొంచెం బెదురు ఉంటేనే పిల్లవాడు చదువుతాడు. ఆడిట్ వస్తున్నదంటేనే మనం లెడ్జర్లు సరిచూసుకునేవాళ్ళం. ఆ మాత్రం బెట్ట మనల్ని నిలబెట్టింది. తడి అందకుండా ఏళ్ళ తరబడి సాగిన బెట్టే మనిషిని ఎండగడుతుంది.

శరీరంలో ఏమి జరుగుతుందో తెలుసుకుంటే సగం భయం పోతుంది. అమెరికాలో వాల్టర్ కానన్ అనే శరీరశాస్త్రవేత్త 1915లో ప్రచురించిన పుస్తకంలో ఈ సంగతి వివరించాడు. ప్రమాదం ఎదురైనప్పుడు ప్రాణి కలబడటానికో, పారిపోవటానికో సిద్ధమవుతుంది. అడ్రినలిన్ రక్తంలో కలుస్తుంది, గుండె వేగం పెరుగుతుంది, కండరాలకు రక్తం ఎక్కువగా పోతుంది, జీర్ణశక్తి మందగిస్తుంది. చేలో పాము కనిపించినప్పుడు ఇది మన ప్రాణం కాపాడుతుంది. కానీ పై ఆఫీసు నుంచి వచ్చిన మెమో పాము కాదు. దానితో కలబడలేము, దాన్నుంచి పారిపోలేము. అయినా శరీరం మాత్రం పామును చూసినట్లే కంగారు పడుతుంది. పాము వెళ్ళిపోతే పది నిమిషాల్లో గుండె నెమ్మదిస్తుంది. మెమో సంచిలో పడి ఇంటికి వస్తుంది, భోజనం దగ్గర కూర్చుంటుంది, రాత్రి రెండు గంటలకు నిద్ర లేపుతుంది.

తర్వాత కెనడాలో హాన్స్ సెల్యే అనే పరిశోధకుడు 1936లో "నేచర్" పత్రికలో ఒక చిన్న లేఖ రాశాడు. ఎలుకలను రకరకాల బాధలకు గురిచేస్తే, బాధ ఏదైనా సరే, శరీరంలో వచ్చే మార్పులు మాత్రం ఒక్క తీరుగానే ఉన్నాయని ఆయన గమనించాడు. మొదట ఉలికిపాటు, ఆ తర్వాత తట్టుకుని నిలబడటం, బాధ ఎంతకీ తీరకపోతే చివరకు అలసి కూలబడటం. మన పైరు బెట్టకు వడిలి, తట్టుకుని, చివరకు ఎండిపోయే క్రమం కూడా ఇదే గదా!

మరి ఈ ఒత్తిడి ఎవరికి ఎక్కువ? పెద్ద కుర్చీలో కూర్చున్నవారికే ఎక్కువ అని మనం అనుకుంటూ వచ్చాం. మేనేజరుకు బి.పి. వస్తే "పాపం, బాధ్యతలు" అన్నాం. అటెండరుకు వస్తే "తిండి సరిగా లేదు" అన్నాం. లండనులో ప్రభుత్వోద్యోగుల మీద 1967లో ఒక పెద్ద పరిశీలన మొదలుపెట్టారు. సుమారు 18 వేల మంది మగ ఉద్యోగులను ఏళ్ళ తరబడి గమనించారు. తేలిందేమిటంటే, గుండెజబ్బుతో చనిపోవడం పై అధికారులలో తక్కువ, అట్టడుగు గ్రేడు ఉద్యోగులలో దానికి సుమారు మూడు రెట్లు. పొగ తాగడం వంటి అలవాట్లు లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా పూర్తిగా పోలేదు. 1985లో ఆడవారిని కూడా కలిపి రెండవ పరిశీలన మొదలుపెట్టారు. తన పని మీద తనకు చెల్లుబాటు లేనివాడికి గుండెజబ్బు ముప్పు ఎక్కువని అందులో తేలింది.

అంటే, పని ఎక్కువగా ఉండటం ఒక్కటే మనిషిని కుంగదీయదు. బాధ్యత తనది, పగ్గం మాత్రం తన చేతిలో లేదు అన్న స్థితి కుంగదీస్తుంది. ఈ మాట నేను పుస్తకంలో చదివినప్పుడు పూర్తిగా తలకెక్కలేదు. మా అటెండరు చెప్పినప్పుడు ఎక్కింది. ఆ సంగతి ఇంతవరకు ఏ సభలోనూ చెప్పలేదు. ఈ రోజు చెబుతాను.

1987-88 నాటి మాట. నేనప్పుడు పర్చూరు, చిలకలూరిపేట ప్రాంతంలో ఒక బ్యాంకు గ్రామీణ శాఖలో ఫీల్డు ఆఫీసరుగా ఉన్నాను. వయస్సు 36. ఆ రోజుల్లో పత్తిని తెల్లబంగారం అనేవారు. ఎనభైలలో పైరిత్రాయిడ్ మందులు వచ్చి మొదట పురుగును బాగానే అణచాయి. దాంతో రైతులు చల్లిందే చల్లారు. చల్లిన కొద్దీ తెల్లదోమను తినే మిత్ర పురుగులు చచ్చాయి. తెల్లదోమ మాత్రం చావలేదు, పెరిగింది. ఆకులకు బంక పట్టి, ఆ బంక మీద మసి పూసినట్టు నల్లబడి, చేలకు చేలు పోయాయి. గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతు అప్పుల్లో మునిగాడు. ప్రకాశం జిల్లాలో పత్తి రైతులు పలువురు ప్రాణాలు తీసుకున్నారు. దేశమంతా ఆ వార్త చదివింది. సరిగ్గా పదేళ్ళకు 1997-98లో వరంగల్లు ప్రాంతంలో లద్దెపురుగు వచ్చి అదే కథ మళ్ళీ నడిచింది.

1988 మార్చి నెల. బ్యాంకులో పనిచేసినవారికి మార్చి అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. పై నుంచి రోజూ ఫోను: "వసూలు ఎంత?" కింద ఊళ్ళోకి పోతే రైతు అడుగుతాడు: "ఎక్కణ్ణుంచి తెచ్చి కట్టమంటారు?" రెండూ న్యాయమైన ప్రశ్నలే. రెంటికీ నా దగ్గర జవాబు లేదు.

ఒక మధ్యాహ్నం ఒక రైతు వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. మూడెకరాలు సొంతం, అయిదెకరాలు కౌలు. మా దగ్గర పంటరుణం కొద్దిగానే ఉన్నది, పురుగుమందుల కొట్టులోను, కమీషన్ వ్యాపారి దగ్గర అంతకు మూడింతలు ఉన్నది. నేను సాయంత్రం బస్సుకు పంపవలసిన ఓవర్‌డ్యూ స్టేట్‌మెంటు రాస్తున్నాను. తల ఎత్తకుండానే, "రెన్యువల్ సంగతైతే వచ్చేవారం రండి" అన్నాను. "అప్పు సంగతి కాదు బాబూ, ఊరకే కాసేపు కూర్చుందామని వచ్చాను" అన్నాడు. కూర్చున్నాడు. కాసిని మంచినీళ్ళు అడిగి తాగాడు. ఎప్పుడు లేచి వెళ్ళాడో నేను చూడలేదు.

పది రోజుల తర్వాత ఆయన లేడని తెలిసింది. ఆ తర్వాత ఒక రోజు ఆయన భార్య పాస్‌బుక్కు తీసుకుని వచ్చింది. ఇంకా ఎంత కట్టాలో చూసి చెప్పమని అడిగింది. ఎవరినీ ఒక్క మాట అనలేదు.

ఆ రోజు నుంచి నాకు నిద్ర చెడింది. ఎవరైనా "ఊరకే వచ్చాను" అంటే గుండె దడదడలాడేది. ఇంట్లో పిల్లల మీద చిన్నదానికే విసుక్కునేవాణ్ణి. ఏడాది తిరగకుండా బి.పి. వచ్చింది. మా ఇంటావిడ ఒకసారి, "మీరొక్కరే రావడం లేదు, బ్యాంకును కూడా సంచిలో పెట్టుకొస్తున్నారు" అన్నది. ఆమెకైనా చెప్పలేదు. చెబితే ఏమనుకుంటుందోనని భయం. పై అధికారికి చెబితే చేతకానివాడనుకుంటాడని భయం. స్టేట్‌మెంటు మాత్రం ఆ సాయంత్రం బస్సుకు అందింది.

2012లో రిటైరయ్యాను. ఆ చలికాలం ఒక ఉదయం నడకలో మా పాత శాఖలో అటెండరుగా చేసినతను కలిశాడు. పార్కులో సిమెంటు బెంచీ మీద కూర్చున్నాం. ఆ మాటా ఈ మాటా వచ్చి, ఎందుకో ఆ రోజు నోరు విప్పాను. నేను సగం చెప్పేసరికి అతను నా చేయి పట్టుకున్నాడు. "ఆ రోజు ఆయనకు నీళ్ళిచ్చింది నేనే సార్. చేతులు వణుకుతున్నాయి, గ్లాసు సరిగా పట్టుకోలేకపోయాడు. మీతో చెబుదామనుకున్నాను. మీరు పనిలో ఉన్నారు, కోప్పడతారేమోనని చెప్పలేదు. అటెండరు మాట ఎవరు వింటారులే అనుకున్నాను" అన్నాడు.

ఇరవై నాలుగేళ్ళు! ఒకే గదిలో, అయిదడుగుల దూరంలో కూర్చుని, ఇద్దరం ఒకే బరువు మోశాం. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. నాకు కనీసం తల ఎత్తే అధికారం ఉన్నది, ఎత్తలేదు. అతనికి చూసే కన్ను ఉన్నది, చెప్పే చెల్లుబాటు లేదు. అతనికి గుండెజబ్బు నాకన్నా చాలా ముందే వచ్చింది. కారణం ఇదేనని నేననను, అది డాక్టర్లు చెప్పవలసిన మాట. కానీ లండను లెక్క నాకు ఆ బెంచీ మీద అర్థమయింది. ఇంకొక మాట కూడా చెప్పాలి. ఆ రాత్రి నేను నిద్రపోయాను. జరిగినదేదీ మారలేదు. మోసేవారు ఇద్దరయ్యారు, అంతే.

ఇందులోంచి నేను నేర్చుకున్న నాలుగైదు సంగతులు మీ ముందు ఉంచుతాను.

మొదటిది. ఖాతా రెండుగా విడదీయాలి. ఒక కాగితం మీద గీత గీసి, ఎడమ వైపు నా చేతిలో ఉన్నవి, కుడి వైపు నా చేతిలో లేనివి రాయాలి. మిరప ధర నా చేతిలో లేదు. 2021-22లో పూతలో దూరిన నల్ల తామరపురుగు ఎవరి చేతిలోనూ లేకపోయింది. 2025 ఫిబ్రవరిలో ధర పడిపోయి, కేంద్ర ప్రభుత్వం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించవలసి వచ్చింది. అది కూడా మన చేతిలో లేదు. కానీ సరుకంతా కోల్డు స్టోరేజిలోనే ఉంచాలా, కొంత అమ్మి వడ్డీ అప్పు తీర్చాలా అన్నది మన చేతిలోనే ఉన్నది. అల్లుడి ఉద్యోగం మన చేతిలో లేదు. రోజుకు నాలుగుసార్లు ఫోను చేసి అడగకుండా ఉండటం మన చేతిలో ఉన్నది. ఎడమ వైపు ఉన్నవాటిలో ఒక్కటి ఈ రోజు చేస్తే, కుడి వైపు బరువు కూడా కొంత తగ్గినట్లుంటుంది.

రెండవది. ఒక్క మనిషికైనా చెప్పుకోవాలి. పదిమందికి చెప్పనక్కరలేదు. సలహా ఇవ్వకుండా వినేవాడు ఒక్కడు చాలు. మనలో మగవారికి ఈ అలవాటు బొత్తిగా లేదు. రాజకీయాలు గంటలకొద్దీ మాట్లాడతాం, రాత్రి నిద్ర పట్టలేదని మాత్రం చెప్పుకోం.

మూడవది శరీరం సంగతి. వారానికి 150 నిమిషాల నడక చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది, అంటే రోజుకు అరగంట చొప్పున అయిదు రోజులు. మనసు కలవరపడ్డప్పుడు కూర్చుని నెమ్మదిగా శ్వాస తీసి, అంతకన్నా నెమ్మదిగా వదిలితే గుండె వేగం తగ్గుతుంది. పది నిమిషాలు చాలు, ఖర్చు లేదు. బి.పి. మాత్రలు "ఇప్పుడు బాగానే ఉంది గదా" అని సొంతంగా మానవద్దు. రాత్రి భోజనం తర్వాత వార్తా చానళ్ళ అరుపులు వినవద్దు. ఛాతీలో నొప్పి వచ్చి, చెమటలు పట్టి, ఎడమ చేతికో దవడకో పాకితే "టెన్షన్లే" అనో, "గ్యాసు" అనో సోడా తాగుతూ కూర్చోవద్దు. వెంటనే 108కి ఫోను చేయండి. అన్నిటికీ ఒత్తిడే కారణమనుకోవడం కూడా ప్రమాదమే.

నాలుగవది కాగితాల సంగతి. మన వయసులో సగం కలవరం కాగితాల వల్లనే వస్తుంది. పెన్షన్ పుస్తకం, బ్యాంకు ఖాతాలు, నామినేషన్లు, ఇచ్చిన అప్పులు, పెట్టిన జామీనులు అన్నీ ఒక నోటుపుస్తకంలో రాసి, అది ఎక్కడున్నదో భార్యకు గాని భర్తకు గాని చెప్పండి. లైఫ్ సర్టిఫికెట్టు గడువు చివరి రోజు దాకా ఆగవద్దు. ఈ మధ్య ఫోనులో పోలీసుల వేషం వేసి "డిజిటల్ అరెస్టు" అని బెదిరించి, రిటైరయినవారి జీవితకాలపు పొదుపును ఊడ్చుకుపోతున్నారు. అటువంటి అరెస్టు మన చట్టంలో లేదు. ఫోను పెట్టేయండి, ఇంట్లోవాళ్ళను పిలవండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయండి. మోసపోయామని సిగ్గుపడి దాచుకుంటే డబ్బుతోపాటు ఆరోగ్యమూ పోతుంది.

అయిదవది అన్నిటికన్నా ముఖ్యమైనది. కుంగిపోయిన మనిషి కనిపిస్తే అడగాలి. నిద్ర లేదు, తిండి సయించదు, అలవాటైన చోటికి రావడం మానేశాడు, "నేను లేకపోతే మీకే హాయి" అంటున్నాడు. ఇలాంటి గుర్తులుంటే పక్కన కూర్చుని, "చనిపోవాలనిపిస్తోందా?" అని నేరుగా అడగవచ్చు. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్లవుతుందని మనకొక భయం. అది నిజం కాదని మానసిక వైద్యులు చెబుతున్నారు. అడిగితే బరువు దిగుతుంది. అలాంటివారిని ఒంటరిగా వదలకూడదు. పురుగుమందు డబ్బాలు ఇంట్లో ఉంచకూడదు. జ్వరానికి డాక్టరు దగ్గరకు పోయినట్లే దీనికీ పోవాలి. గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉన్నది. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలీ మానస్ అనే ప్రభుత్వ సేవకు 14416 నంబరుకు ఏ వేళనైనా ఫోను చేసి, తెలుగులోనే మాట్లాడవచ్చు. పెద్దవారి ఇబ్బందుల కోసం 14567 ఉన్నది. ఈ నంబర్లు ఇంట్లో క్యాలెండరు మీద రాసి ఉంచండి. ప్రాణం తీసుకోబోయినవాడు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలని, అతనికి వైద్యం అందించాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతున్నది. చట్టమే అలా అర్థం చేసుకున్నప్పుడు, మనం "పిరికివాడు" అనడం భావ్యం కాదు.

ఇక్కడ సోదరీమణులకు ఒక మాట చెప్పాలి. 1967లో హోమ్స్, రాహే అనే ఇద్దరు అమెరికన్ వైద్యులు జీవితంలో వచ్చే మార్పులకు మార్కులు వేశారు. జీవిత భాగస్వామి మరణానికి 100, పెళ్ళికి 50, ఉద్యోగ విరమణకు 45. పెళ్ళికన్నా రిటైర్మెంటుకు అయిదు మార్కులే తక్కువన్న మాట! కానీ ఆ జాబితా వేసినవారు మన వంటిళ్ళను చూసి ఉండరు. మనం రిటైరయ్యాం, వంటిల్లు రిటైరు కాలేదు. పైగా పొద్దస్తమానం ఇంట్లో కూర్చుని కాఫీలు అడిగే కొత్త అధికారి ఒకడు తయారయ్యాడు. మన ఒత్తిడి తగ్గిందంటే అది ఎవరి నెత్తికెక్కిందో ఒకసారి చూసుకోవాలి. రెండు పూటలా కూరగాయలు తరగటం కూడా ఒత్తిడికి మంచి మందే.

పిల్లల సంగతి. మన పిల్లలు హైదరాబాదులో, బెంగుళూరులో, అమెరికాలో ఉన్నారు. మనకు అయిదింటికి ఆఫీసు తలుపు మూసేవారు. వాళ్ళ ఆఫీసు జేబులోనే ఉన్నది. ఎప్పుడు ఉద్యోగం తీసేస్తారో తెలియదు. పనివల్ల కలిగే ఈ సొమ్మసిల్లిన స్థితిని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వర్గీకరణలో ఉద్యోగ సంబంధమైన సమస్యగానే చేర్చింది. ఆదివారం ఫోను చేసినప్పుడు "ఇంక్రిమెంటు వచ్చిందా, ప్లాటు కొన్నావా" అని అడిగే ముందు, "నిద్ర పడుతోందా నాయనా, అన్నం తింటున్నావా అమ్మా" అని అడుగుదాం. ఉద్యోగం పోయిందని చెప్పుకోవడానికి వాళ్ళకు మొదట గుర్తుకు రావలసింది మనమే. చివరగా తెలియవలసింది మనకు కాకూడదు.

ముగించే ముందు, మొదట చెప్పినట్లు, నెలకింత అన్న ధీమా లేనివారి మాట. రైతుకు శ్వాస పట్టడం నేర్పి అప్పు మాట ఎత్తకపోతే అది వైద్యం కాదు. అతని ఒత్తిడి మనసులో పుట్టలేదు, లెక్కలో పుట్టింది. ఆ లెక్క సరిచేయడం ప్రభుత్వాల పని, బ్యాంకుల పని. అయితే మన పని కూడా కొంత ఉన్నది. ఈ హాల్లో కూర్చున్న మనలో చాలామందికి రెండెకరాలో నాలుగెకరాలో భూమి ఉన్నది. కౌలుకు ఇచ్చాం. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలురైతుకు కార్డు రావాలంటే ఒప్పందం మీద భూయజమాని సంతకం అవసరమయింది. సంతకం పెడితే భూమి పోతుందేమోనని మనమే జంకాం. ఆ కార్డు గడువు 11 నెలలు. దానివల్ల భూమి మీద హక్కు ఏర్పడదు. కార్డు లేక బ్యాంకు రుణం, పంట నష్టపరిహారం అందక, అతను మళ్ళీ వడ్డీ వ్యాపారి గడప తొక్కాడు. అతని బాధ్యతకు పగ్గం అందకుండా చేసినవారిలో మనమూ ఉన్నాం. నేను కూడా రెండేళ్ళు సంతకం వాయిదా వేసినవాణ్ణే. పెట్టిన రోజున మా కౌలుదారు ముఖం చూశాక, ఎందుకు ఆలస్యం చేశానా అని బాధపడ్డాను.

కనుక మీ అందరికీ నా విన్నపం ఒక్కటే. ఈ సంక్రాంతి లోపల మీ కౌలుదారు ఇంటికి ఒకసారి వెళ్ళండి. కౌలు డబ్బు మాట ఎత్తవద్దు. ఎందుకు వచ్చారని అడిగితే, ఊరకే కాసేపు కూర్చుందామని వచ్చానని చెప్పండి. ఆయన ఇచ్చిన మంచినీళ్ళు తాగి, ఆయన చెప్పేది వినండి.

అలాగే మన సంఘ కార్యాలయంలో కార్యదర్శిగారి బల్ల పక్కన ఒక బెంచీ వేయించమని కార్యవర్గాన్ని కోరుతున్నాను. ఎవరైనా ఊరకే వచ్చి కూర్చుంటే, రాస్తున్న కాగితం పక్కన పెట్టి తల ఎత్తేవారు ఒకరు అక్కడ ఉండాలి. మంగళ, శుక్రవారాలు ఆ పని నేను చేస్తాను. మిగతా రోజులకు పేర్లు ఇవ్వవలసిందిగా మీ అందరినీ ప్రార్థిస్తున్నాను.